ఐదోసారి లేపినప్పుడు

ముక్కు దూలం నుంచి మెడ గుంట దాకా టేపు పరిచి
పదోవంతు దగ్గర ఒక ఎర్ర చుక్క,
అక్కణ్ణించి ఇరవై వంతులకి ఇంకొకటి.
నెరిసిన జుట్టు పాయ తీసి జిగురు రాస్తుంటే
"తలంటు పోత్తన్నావేటమ్మా" అన్నాడు చౌడయ్య.
పాత బరంపురం, దేవాంగుల వీధి. వయసు అరవై మూడు.
చేసిన పని పట్టు నేత. ఇప్పుడు చేసేది, ఖాళీ గడి.

కలలు వస్తాయా అన్నచోట
రావు అని రాయమన్నాడు.
"వొత్తే తెలీదా ఏటి?"

తెలీదు. అదే కదా మా చదువు.
కల రానివాళ్ళు తక్కువ,
గట్టు దాటించలేనివాళ్ళే ఎక్కువ అంటుంది పాఢి డాక్టరమ్మ.
నిద్రకీ మెలకువకీ మధ్య రేవులో
సరుకంతా నీళ్ళపాలు.
అందుకే రాత్రికి ఐదుసార్లు లేపుతాం.
తల వెనక పెద్ద అలలు అణిగితే
లోపలేదో నడుస్తున్నట్టు లెక్క.
ఆ లెక్క తప్పో ఒప్పో
పడుకున్నవాడి నోరే చెప్పాలి.

దీపం తీసేముందు వేరెవరిదో పాత రాత్రి ఒకటి చూపించాను,
ఒక్క క్షణం బిగిసి వదిలే సన్నని వణుకు.
"దీన్ని స్పిండిల్ అంటారు తాతా."
"కదురన్నమాట," నవ్వాడు. "మా ఆడది తిప్పీది."

ముప్పై సెకన్లకో పేజీ.
పేజీకి పదహారు గీతలు పక్కపక్కనే,
ఒక్కటీ తెగకుండా.
పడుగు అనుకోకూడదు అనుకుంటూనే అనుకున్నాను.

ఒకటోసారి: ఏటీ నేదు.
రెండోసారి: ఏటీ నేదు, నీల్లు కావాల.
మూడోసారి కరెంటు పోయి, ఇన్వర్టరు అందుకునేలోగా
తనే లేచి కూర్చున్నాడు, అది కొట్టేశాం.
నాలుగోసారి చాలాసేపు నోరు తెరిచి ఉంచి
"ఉండింది. ఇక్కడే ఉండింది."
దానికో గడి ఉంది మా కాగితంలో,
కల వచ్చింది, విషయం లేదు అని.
ఇచ్చాపురం పాసింజరులో ఇంటికెళ్తూ
నా బతుకులో సగానికి
అక్కడే టిక్కు పెట్టొచ్చనిపిస్తుంది.

ఐదోసారి, నాలుగూ పన్నెండు.
మైకులో పేరు పెట్టి పిలిచాను.
"లేవకముందు మీ మనసులో ఏముంది?"
సాయంత్రమంతా సగం ఒడియా కలిపి మాట్లాడిన మనిషి
ఒక్క ఒడియా ముక్క లేకుండా చెప్పాడు:
"గుంత. గుంతనిండా నీల్లు.
నీల్లల్లో కాల్లు ఆడతన్నాయి. నా కాల్లు కావు.
పైన బట్ట పొడిగానే ఉంది."

ఎవరి కాళ్ళు తాతా?
అడక్కూడదు. నియమం.
అడిగితే నా మాట ఆయన కలలో కలిసిపోతుంది
మజ్జిగలో నీళ్ళలా, ఇక వేరు చెయ్యలేం.
అడగనిచ్చేది ఒకటే, అది అడిగాను:
ఇంకేమైనా ఉందా?
"నేదు" అని అటు తిరిగి పడుకున్నాడు.
నాలుగు తీగలు ఊడాయి.

పొద్దున్న గేటు దగ్గర బండి మీద
పూరీ ఉప్మా తింటూ,
చెవి వెనక ఎండిన జిగురు గీక్కుంటూ అడిగాడు:
"రేత్రి నానేటైనా వాగినానా?"
రికార్డింగు వినిపించకూడదు. అదీ నియమమే.
బాగా పడుకున్నారు అన్నాను.

మధ్యాహ్నం నా ఒడియా అనువాదం ముందేసుకుని
మార్కులు వేసే భువనేశ్వర్ కుర్రాడు
గుంత, నీళ్ళు, ఎవరివో కాళ్ళు, అని చదివి
భయం ఉంది, తీవ్రత నాలుగు, అని కొట్టాడు.
ఆ గుంత గొయ్యి కాదు బాబూ,
మగ్గం కింద, నేతగాడు కాళ్ళు దించుకు కూచునేది,
నలభై ఏళ్ళు ఆ కాళ్ళ కాపరం అక్కడే అంటే
ఓపిగ్గా విని
"అది కలలో చెప్పలేదు కదా" అన్నాడు.
చెప్పలేదు. నిజమే.

కాగితం అడుగున అనువాదకురాలి మాట అని ఒక గీత ఉంటుంది,
ఎప్పుడూ ఖాళీగా వదిలేసేది.
తలకి చుక్కలు పెట్టే ఎర్ర పెన్సిలుతోనే రాశాను:
బట్ట తడవలేదు. ఆ మాట రెండుసార్లు అన్నాడు.

ఒక్కసారే అన్నాడు.